రిప్లీ టూర్: చూడాల్సిన ఇంటిని బస్సులోంచే చూపించారు

పోయిన నెల అమ్మానాన్నల్ని తీసుకుని అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నుంచి ఒక గైడెడ్ టూర్‌కి వెళ్లాం, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసేది. బానిసల్ని రహస్యంగా తప్పించిన అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ చోట్లు చూపిస్తారు. పేరు విని మా అబ్బాయి రైలెక్కుతామనుకున్నాడు. రైలూ లేదు, సొరంగమూ లేదు, దారి చూపించేవాళ్లని కండక్టర్లు అనేవారు, దాచిపెట్టే ఇళ్లని స్టేషన్లు అనేవారు, అంతే.

ముందు ఫ్రీడమ్ సెంటర్, ఒహాయో నది ఒడ్డున 2004లో తెరిచిన మ్యూజియం. టైం తక్కువుంటే తిన్నగా లోపలున్న, చెక్క దుంగలతో కట్టిన బందీఖానా దగ్గరికి వెళ్లిపోండి. కెంటకీలో ఒక వ్యాపారి, మనుషుల్ని దక్షిణాదికి తోలుకెళ్లి అమ్మేముందు ఇందులో బంధించేవాడు. దాన్ని విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు, లోపలికి వెళ్లొచ్చు. గొలుసులు తగిలించిన ఇనుప కడియం ఇంకా ఉంది. అమ్మ నిమిషం కూడా ఉండలేక బయటికొచ్చేసింది.

అక్కణ్ణుంచి రిప్లీ దాదాపు 50 మైళ్లు, అదే నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. నదికి ఇవతల ఒహాయోలో బానిసత్వం లేదు, అవతల కెంటకీలో ఉండేది. ఊరి మీద కొండ, కొండ మీద పాస్టర్ జాన్ రాంకిన్ గారి చిన్న ఇటుక ఇల్లు. రాత్రిపూట ఆయన కిటికీలో వెలిగే దీపం అవతల కెంటకీ గట్టుకి కనిపించేదట. భార్య జీన్, పదమూడుగురు పిల్లలు, ఇంటిల్లిపాదీ పారిపోయి వచ్చినవాళ్లని దాచి పంపించడమే పని. 1838 చలికాలంలో ఒక తల్లి చంటిబిడ్డని ఎత్తుకుని, పగిలిపోతున్న మంచు మీద నడిచి నది దాటి ఈ ఇంటికే వచ్చింది. పైనుంచి చూస్తే అవతలి గట్టు ఎంత దగ్గరో! కానీ ఇవతలికి వచ్చినా గండం గడిచినట్టు కాదు. పారిపోయిన బానిసల్ని పట్టి యజమానులకి అప్పగించాలనే 1850 చట్టం వచ్చాక సాయం చేసినవాళ్లకి ఆరు నెలల జైలు, 1000 డాలర్ల దాకా జుర్మానా, తప్పించుకున్నవాళ్లు కెనడా దాకా పోతేనే భయం తీరేది.

ఇంత చోటుకి ఇచ్చింది నలభై నిమిషాలు. అది కూడా సర్దుకున్నాను గానీ, నది ఒడ్డున ఉన్న జాన్ పార్కర్ ఇంటిని బస్సు కిటికీలోంచి చూపించి వెళ్లిపోవడం మాత్రం నాకు చాలా బాధనిపించింది. ఆయన ఎనిమిదేళ్ల వయసులో అమ్ముడుపోయిన మనిషి. 1845లో 1800 డాలర్లు కట్టి తనని తానే కొనుక్కున్నాడు. రిప్లీలో ఇనుప ఫౌండ్రీ పెట్టుకుని, రాత్రుళ్లు పడవేసుకుని ఆ కెంటకీకే వెళ్లి బానిసల్ని తప్పించి తెచ్చేవాడు. ఒకసారి ఒక జంట పారిపోకుండా వాళ్ల పసిబిడ్డని యజమాని తన మంచం దగ్గరే పడుకోబెట్టుకున్నాడు, పక్కన పిస్తోళ్లు. పార్కర్ ఆ గదిలోకి పాక్కుంటూ వెళ్లి బిడ్డని తెచ్చి తల్లిదండ్రులతో సహా నది దాటించాడు. ఇంత కథ ఉన్న ఇంటి ముందు బస్సు ఆపలేదు!

గైడ్ ఓపిగ్గా చెప్పారు, బస్సు శుభ్రంగా ఉంది, అందుకే మూడు స్టార్లు. కారుంటే మాత్రం సొంతంగా వెళ్లండి. తర్వాతి వారం మేం అలాగే వెళ్లాం. రాంకిన్ ఇంటికి కింద నుంచి మెట్లున్నాయి, నాన్నకి మోకాళ్ల నొప్పులని కారు పైదాకా తీసుకెళ్లాం. రెండు ఇళ్లూ ఏ రోజుల్లో తెరుస్తారో ముందే చూసుకోండి, పార్కర్ ఇంటితోనే మొదలుపెట్టండి.