ఏథెన్స్‌లో వైన్ కూజాలు: ఏ మ్యూజియం, ఎక్కడ బస

ఏథెన్స్ వెళ్లినవాళ్లు ఎక్కువగా అక్రోపొలిస్ ఎక్కి, ఫొటోలు దిగి, మర్నాడే దీవులకు ఓడెక్కేస్తారు. పాత కుండల మీద ఇష్టముంటే ఇంకో రెండు రోజులు అట్టేపెట్టుకోండి.

నేషనల్ ఆర్కియాలజికల్ మ్యూజియంలో కుండలు పై అంతస్తులో ఉంటాయి. కింద మైసీనీ అనే ప్రాచీన గ్రీకు నగరం బంగారం చూసేసరికే కాళ్లు లాగేస్తాయి, కాబట్టి ముందు పైకే వెళ్లండి. అక్కడ తప్పక చూడాల్సింది దిపైలాన్ కూజా. జానెడు ఎత్తు, క్రీ.పూ. 740 ప్రాంతానిది. 1871లో దిపైలాన్ అనే పాత నగరద్వారం దగ్గర దొరికింది. నల్లటి భుజం మీద కుడి నుంచి ఎడమకి గీకిన అక్షరాలు: నాట్యగాళ్లలో ఎవరు అందరికన్నా సుకుమారంగా ఆడితే ఇది వాళ్లదని. గ్రీకు లిపిలో దొరికిన అతి పాత రాతల్లో ఇదొకటి. మొదట్లో చక్కగా సాగిన అక్షరాలు చివరికొచ్చేసరికి అర్థంకాని గీతలైపోతాయి. రాసినవాడు అప్పటికే రెండు గుటకలు వేశాడేమో!

నన్నడిగితే పాత ఏథెన్స్ సంతచోటైన అగోరాలోని మ్యూజియమే మేలు. చిన్నది, జనం తక్కువ. పైగా అక్కడి సరుకులో చాలామటుకు బావుల్లోంచి తీసింది. క్రీ.పూ. 480లో పర్షియన్లు ఊరు ధ్వంసం చేశాక, పగిలిన సామాన్లు జనం బావుల్లో పడేశారు. అలా మామూలు ఇళ్ల తాగుడు సామాను కూడా మిగిలింది. గ్రీకులు వైన్‌లో నీళ్లు కలిపేవారు. కలపకుండా తాగడం అనాగరికుల పని అనుకునేవారు. క్రేటర్ అనే పెద్ద పాత్రలో కలిపి, మూడు పాయల మూతి ఉన్న కూజాతో ముంచి, కప్పుల్లో పోసేవారు. ఆనాటి పేరున్న కుమ్మరి, చిత్రకారుడు ఎక్సీకియాస్ చేసిన క్రేటర్ ఒకటి ఇక్కడే ఉంది. కొన్ని పాత్రల మీద ‘ప్రభుత్వ సొత్తు’ అని అర్థమొచ్చే రెండక్షరాల గుర్తుంటుంది, మనం స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించినట్టు.

ఈ కుండల మీది నలుపు పెయింటు కాదు. పల్చటి బంకమట్టి పూత. బట్టీలో గాలి ఆపినప్పుడు అందులోని ఇనుము నల్లబడుతుంది, మళ్లీ గాలి వదిలితే పూత లేనిచోట ఎర్రబడుతుంది.

బసకి ఒమోనియా పేట చవకే, కానీ మేం దిగిన హోటల్లో రాత్రి రెండింటిదాకా వీధి గోల. థిస్సియో పేట వైపు ఖరీదెక్కువైనా అగోరాకి నడిచిపోవచ్చు. ఎయిర్‌పోర్ట్ నుంచి అగోరా పక్కనున్న మొనాస్టిరాకి పేటకి నేరుగా మెట్రో ఉంది, టాక్సీ దండగ. శాకాహారులకు బియ్యం కూరిన టమాటాలు, గెమిస్తా, దొరుకుతాయి. కొన్నిచోట్ల కీమా కూడా కలుపుతారు, అడిగి తినండి. మొనాస్టిరాకిలో నకలు కూజాలు కొనేటప్పుడు బొమ్మ అంచు గోటితో తడిమి చూడండి. కొన్నిటి మీద స్టిక్కర్లే అంటిస్తున్నారు.