బయోపైథాన్ రిస్ట్రిక్షన్ మాడ్యూల్: చదవడంలో గట్టిది, రాయడంలోనే వెలితి

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు కాలేజీ ల్యాబుల్లో డీఎన్ఏను కోసే రిస్ట్రిక్షన్ ఎంజైము కొనాలంటే ఐసు పెట్టెలో రావాలి, వచ్చాక మైనస్ 20 డిగ్రీల్లో ఉండాలి. అందుకే ఏ ఎంజైము ఎక్కడ కోస్తుందో ఆర్డరు పెట్టకముందే కంప్యూటరు మీద చూసుకోవడం ఇక్కడ తప్పనిసరి. ఆ పనికి ఉచితంగా దొరికేవాటిలో మొదట పట్టుకోవలసింది జీవశాస్త్రానికి పనికొచ్చే పైథాన్ ప్యాకేజీ బయోపైథాన్‌లోని రిస్ట్రిక్షన్ మాడ్యూల్.

దీని పెద్ద సుగుణం, ఎంజైముల సమాచారం ప్యాకేజీ లోపలే ఉండటం. నెట్ నిలకడగా లేని చోట కూడా పని ఆగదు. నెట్ బాగున్న చోట ‘పిప్ డౌన్‌లోడ్’ కమాండుతో బయోపైథాన్, దానికి అవసరమైన నమ్‌పై ప్యాకేజీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని ల్యాబు కంప్యూటర్లో ఎక్కించవచ్చు. రెండు మెషీన్లలోనూ పైథాన్ వెర్షను, ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటే కావాలి. లేకపోతే నమ్‌పై దగ్గర మొరాయిస్తుంది.

ఆ సమాచారానికి మూలం రీబేస్. 1993లో నోబెల్ అందుకున్న రిచర్డ్ రాబర్ట్స్ నడిపిన డేటాబేసు ఇది, న్యూ ఇంగ్లండ్ బయోల్యాబ్స్ దగ్గర ఉంటుంది. ఒకే సరుకును చాలా రూపాల్లో ఇస్తుంది. బయోపైథాన్ వాడేవి ఎంబాస్ (సీక్వెన్సులు పరిశీలించే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్) రూపంలోని మూడు ఫైళ్లు: ‘ఈ’లో కోత వివరాలు, ‘ఆర్’లో రెఫరెన్సులు, ‘ఎస్’లో అమ్మేవాళ్ల సంకేతాక్షరాలు. ఫైలు పేరు చివరి మూడంకెల్లో మొదటిది ఏడాది చివరి అంకె, మిగతా రెండూ నెల. 404 అంటే 2024 ఏప్రిల్ కావచ్చు, 2014 ఏప్రిలూ కావచ్చు. దించుకున్న రోజే ఫోల్డరు పేరులో ఏడాది పూర్తిగా రాసిపెట్టుకోండి.

‘ఈ’ ఫైలు చదవడం వస్తే సగం తప్పులు పోతాయి. వరుసలో పేరు, సైటు (ఎంజైము గుర్తుపట్టే డీఎన్ఏ అక్షరాల వరుస), దాని పొడవు, కోతల సంఖ్య, కొస మొద్దుగా (రెండు పోగులూ ఒకే చోట) తెగుతుందా లేదా, ఆపైన నాలుగు కోత స్థానాలు ఉంటాయి. ఎకోఆర్ఐ అనే ఎంజైముకు జీఏఏటీటీసీ, 6, 2, 0, 1, 5, 0, 0. అంటే డీఎన్ఏ పై పోగు 1వ బేసు (అక్షరం) తర్వాత, కింది పోగు 5వ బేసు తర్వాత తెగుతుంది. కోతల సంఖ్య 2 అని చూసి రెండు చోట్ల కోస్తుందనుకోవద్దు, ఒక్కో పోగుకు ఒక్కో కోత అది. బీసీజీఐ లాంటిది సైటుకు రెండు వైపులా కోస్తుంది కనుక దానికి 4 ఉంటుంది. సైటు ముందున్న బేసులకు రుణ సంఖ్యలు, మధ్యలో సున్నా లేదు. మైనస్ 1 తర్వాత నేరుగా 1. అందుకే బీసీజీఐ ముందు వైపు 10, 12 బేసుల దూరంలో కోస్తే ఫైలులో మైనస్ 11, మైనస్ 13 అని కనిపిస్తుంది. సొంతంగా స్క్రిప్టు రాసుకునేవాళ్లు ఒక్క బేసు తేడాతో దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

బయోపైథాన్ లెక్క మళ్లీ వేరు. సైట్లు వెతికే ‘సెర్చ్’ ఇచ్చే సంఖ్య కోత తర్వాత వచ్చే మొదటి బేసుది. పరీక్షలకు వాడే లాంబ్డా వైరస్ డీఎన్ఏ 48,502 బేసులు. ఎకోఆర్ఐ దాన్ని 5 చోట్ల కోసి 21,226, 7,421, 5,804, 5,643, 4,878, 3,530 బేసుల ముక్కలు చేస్తుంది. మొదటి కోతకు బయోపైథాన్ 21,227 అంటుంది, ఎంబాస్‌లోని ‘రెస్ట్రిక్ట్’ ప్రోగ్రాము 21,226 అంటుంది. రెండూ సరైనవే. ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నా మొదటి రోజే ఈ ఆరు ముక్కలూ వస్తున్నాయో లేదో చూడండి, రాకపోతే అసలు పని మొదలుపెట్టవద్దు.

సీక్వెన్సును మామూలు స్ట్రింగుగా ఇస్తే ఎర్రర్ వస్తుంది, బయోపైథాన్ సీక్ ఆబ్జెక్టుగా మార్చి ఇవ్వాలి. పేరులో రోమన్ ఒకటికి బదులు అంకె 1 కొట్టినా ఎర్రరే. ఈ రెండూ వెంటనే బయటపడతాయి. మాట్లాడకుండా ముంచేది లీనియర్ సెట్టింగు. అడగకపోతే డీఎన్ఏ సాగదీసిన పోగనే అనుకుంటుంది. కొరాపుట్ దేశవాళీ వరి మీద క్యాప్స్ మార్కరు (పీసీఆర్ ముక్కను ఎంజైముతో కోసి తేడా గుర్తుపట్టే పద్ధతి) చూసేటప్పుడు పీసీఆర్ ముక్కకు అది సరే. గుండ్రటి డీఎన్ఏ అయిన ప్లాస్మిడ్‌కు మాత్రం లీనియర్‌ను ఫాల్స్ చేయాలి. చేయకపోతే అతుకు (సీక్వెన్సు మొదలు, చివర కలిసే చోటు) మీద పడ్డ సైటు కనబడదు, అలాంటి సైటు లేకపోతే ముక్కల లెక్క ఒకటి ఎక్కువ వస్తుంది.

మిథైలేషన్ (డీఎన్ఏ బేసుకు మిథైల్ గుర్తు తగలడం) సంగతి ఈ మాడ్యూల్ పట్టించుకోదు, ఇది పెద్ద లోటు. డ్యామ్ అనే మిథైల్ తగిలించే ఎంజైము ఉన్న ఈ.కోలై బ్యాక్టీరియా నుంచి తీసిన ప్లాస్మిడ్‌ను ఎంబీఓఐ కోయదు, అదే సైటున్న సా3ఏఐ కోస్తుంది. తెర మీద రెండూ ఒకేలా కోస్తాయి. రీబేస్ విత్‌రెఫ్‌ఎం ఫైలులో ఆరో గడి చూసి జవాబు దొరికిందనుకునేవాళ్లు ఉంటారు. ఎకోఆర్ఐకి అక్కడ 3(6) అని ఉంటుంది. అది తోడు మిథైలేజు (అదే సైటుకు మిథైల్ తగిలించే జంట ఎంజైము) మూడో బేసును గుర్తు పెడుతుందని చెప్పేది మాత్రమే, మన డీఎన్ఏ తెగుతుందా లేదా అన్నది కాదు.

ఇక రాయడం. కొత్త రీబేస్ ఫైళ్లతో లోపలి నిఘంటువును మళ్లీ తయారుచేసే స్క్రిప్టులు సోర్సు ప్యాకేజీలో ఉంటాయి, పిప్‌తో రావు. మూడు ఫైళ్లూ ఒకే నెలవి కావాలి, పాత నిఘంటువుకు కాపీ ఉంచాలి. కానీ మార్చుకున్న ఎంజైముల జాబితాను తిరిగి రీబేస్ రూపంలో రాసిచ్చే సదుపాయం ఇందులో లేదు. అది కావాలంటే పెర్ల్ భాషలోని ఇలాంటి ప్యాకేజీ బయోపెర్ల్‌లో రిస్ట్రిక్షన్ ఐఓ వైపు వెళ్లాలి, చదవడం రాయడం రెండూ దాని ఉద్దేశంలోనే ఉన్నాయి. అక్కడ కూడా రాసిన ఫైలును మళ్లీ చదివించి, బీసీజీఐ నాలుగు కోతలూ మిగిలాయో లేదో చూసుకోవాలి.

ఫ్రీజరులో ఉన్న పదో పన్నెండో ఎంజైముల జాబితాకు అంత దూరం పోనక్కరలేదు. రిస్ట్రిక్షన్ బ్యాచ్‌లో వాటిని చేర్చి, ‘యాజ్ స్ట్రింగ్’తో పేర్లు తీసి, వరుసకొకటిగా టెక్స్ట్ ఫైలులో పెడితే చాలు. మళ్లీ అవే పేర్లతో బ్యాచ్ కట్టుకోవచ్చు. జాబితాలో ఎస్ఎంఏఐ ఉండి ఎక్స్ఎంఏఐ లేకపోతే నియోస్కిజోమర్ల (ఒకే సైటును వేరే చోట కోసేవాటి) జాబితా అడగండి: సైటు ఒకటే అయినా మొదటిది మొద్దుగా, రెండోది తోకతో కోస్తుంది కాబట్టి లిగేషన్‌కు (ముక్కలు అతికించడానికి) ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు.