సింగిల్ పీస్ చీరలకి ఏ కార్ట్, ఏ గేట్‌వే? వాడిన మీదట నా రివ్యూ

నేనూ మా వదినా కలిసి మంగళగిరి, వెంకటగిరి చీరలు ఆన్‌లైన్లో అమ్ముతాం. వర్డ్‌ప్రెస్ (సైటు కట్టుకునే సాఫ్ట్‌వేర్) మీద వూకామర్స్ (ఆ సైటుకి షాపు, కార్ట్ తగిలించే ప్లగిన్, అంటే అదనపు సాఫ్ట్‌వేర్ ముక్క), దానికో పేమెంట్ గేట్‌వే (కస్టమర్ ఆన్‌లైన్లో కట్టిన డబ్బు మనకి చేర్చే కంపెనీ), ఇంతే మా సెటప్. కోవిడ్ టైమ్‌లో మొదలెట్టాం, సైటు ఇప్పటికీ అదే, గేట్‌వే మాత్రం మధ్యలో మార్చాం. కొత్తగా షాపు పెట్టేవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగేది "ఎంత పర్సెంట్ కట్ చేస్తారండీ" అనే. నన్నడిగితే అది మూడోదో నాలుగోదో ప్రశ్న. కస్టమర్ అకౌంట్‌లో డబ్బులు కట్ అయ్యి మనకి ఆర్డర్ పడకపోతే ఆ గేట్‌వే ఏం చేస్తుంది, మొదట అడగాల్సింది ఇది.

మాది ఎక్కువ సింగిల్ పీస్ సరుకు. ఆ రంగూ ఆ అంచూ మళ్ళీ కావాలంటే మగ్గం మీద మళ్ళీ పడుగు (నిలువు దారాలు) ఎక్కించాలి, వారాల పని. స్టాక్ 1 అని పెట్టిన చీరని ఒకేసారి ముగ్గురు కార్ట్‌లో వేసుకుంటారు, వూకామర్స్‌లో కార్ట్‌లో వేసినంత మాత్రాన చీర వాళ్ళది అవ్వదు, చెకౌట్‌లో (ఆర్డర్ పెట్టే ఆఖరి పేజీలో) ఆర్డర్ బటన్ ముందు ఎవరు నొక్కితే వాళ్ళకి స్టాక్ హోల్డ్ అవుతుంది. ఆ హోల్డ్ మామూలుగా 60 నిమిషాలు ఉంటుంది, సెట్టింగ్స్‌లో ప్రొడక్ట్స్, ఇన్వెంటరీ కింద మార్చుకోవచ్చు. మేం 20కి తగ్గించాం. గంటసేపు ఎవరో పేమెంట్ పేజీ తెరిచి వంట చేసుకుంటూ ఉంటే మిగతావాళ్ళకి "అవుట్ ఆఫ్ స్టాక్" కనపడుతుంటే ఎలా, పండగ సేల్‌లో అయితే ఆ గంటలోనే బేరం పోతుంది. బాగా తగ్గించినా ఇబ్బందే, యూపీఐ పేమెంట్ కొన్నిసార్లు పెండింగ్‌లో పడి ఆలస్యంగా సక్సెస్ అవుతుంది, అప్పటికి ఆర్డర్ క్యాన్సిల్ అయిపోయి చీర వేరేవాళ్ళు కొనేసి ఉంటారు.

ఇక్కడే మేం వాడిన మొదటి గేట్‌వేతో విసిగిపోయాం (పేరు చెప్పను, వాళ్ళు ఇప్పుడు బాగు చేసుకుని ఉండొచ్చు). కస్టమర్ ఫోన్‌పేలో డబ్బు కట్టేసి బ్రౌజర్‌కి తిరిగి రాకుండా మూసేస్తే మా దగ్గర ఆర్డర్ "పెండింగ్" అనే ఉండేది. కస్టమర్ స్క్రీన్‌షాట్ పంపిస్తారు, మేం డ్యాష్‌బోర్డ్‌లో వెతుకుతాం, సపోర్ట్‌కి మెయిల్ పెడితే టికెట్ నంబర్ తప్ప జవాబు రాదు, ఈలోపు వదిన వాట్సాప్‌లో ఆ కస్టమర్‌ని బుజ్జగిస్తూ ఉంటుంది. ఇప్పుడున్న గేట్‌వేలో వెబ్‌హుక్ సరిగ్గా పనిచేస్తుంది, అంటే కస్టమర్ బ్రౌజర్ మూసేసినా గేట్‌వే సర్వరే నేరుగా మన సైటుకి "డబ్బు వచ్చింది" అని కబురు పెడుతుంది, ఆర్డర్ దానంతటదే ప్రాసెసింగ్‌లోకి వెళ్తుంది. గేట్‌వే తీసుకునే ముందు డెమోలో ఇదొక్కటి చేసి చూడండి, డబ్బు కట్టిన వెంటనే ట్యాబ్ మూసేసి ఆర్డర్ స్టేటస్ మారిందా లేదా అని. అలాగే పేమెంట్ "ఆథరైజ్డ్" (బ్యాంకు సరేనంది, డబ్బు పక్కన పెట్టింది) అనీ "క్యాప్చర్డ్" (ఆ డబ్బు మన కోసం తీసేసుకున్నారు) అనీ రెండు స్టేజీలు ఉంటాయి, క్యాప్చర్ ఆటోమేటిక్‌లో లేకపోతే కార్డు డబ్బు కొన్ని రోజులకి తిరిగి కస్టమర్‌కే పోతుంది, మనం చీర పంపేసి కూర్చుంటాం.

కస్టమర్లకి చెప్పడానికి ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. డబ్బు కట్ అయ్యి వ్యాపారికి కన్ఫర్మేషన్ రాకపోతే 5 రోజుల్లోపు తిరిగి వెయ్యాలని, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున ఇవ్వాలని ఆర్‌బీఐ 2019లోనే రూల్ పెట్టింది. ఆ ముక్క మెసేజ్‌గా సేవ్ చేసి పెట్టుకున్నాం, కోపంగా ఉన్నవాళ్ళకి పంపితే సగం చల్లబడతారు.

సరే ఇక పర్సెంట్ సంగతి. మామూలుగా 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 2.36. 2500 చీరకి 59 రూపాయలు. యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి 2020 జనవరి నుంచి ఎండీఆర్ (వ్యాపారి దగ్గర కోసుకునే పేమెంట్ ఫీజు) లేదు నిజమే, కానీ ప్లాట్‌ఫామ్ ఫీజు అని వేరే పేరుతో తీసుకునే ప్లాన్లు చాలా ఉన్నాయి, కాబట్టి "యూపీఐకి నాకు చేతికెంత వస్తుంది" అని రాతపూర్వకంగా అడగండి. రిఫండ్ ఇచ్చినప్పుడు వాళ్ళ ఫీజు వెనక్కి ఇస్తారా అని కూడా అడగండి, చాలామంది ఇవ్వరు. ఆ జీఎస్టీ ఇన్‌వాయిస్‌లు నెలనెలా డౌన్‌లోడ్ చేసి ఆడిటర్ గారికి ఇస్తే రెగ్యులర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకి క్రెడిట్ వస్తుంది (అంటే మనం కట్టాల్సిన జీఎస్టీలో అంత తగ్గుతుంది), కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారుల జీఎస్టీ స్కీమ్‌లో) ఉంటే రాదు. బ్యాంకులో పడేది ఒక్కో ఆర్డర్‌గా కాదు, ఫీజులు కోసుకుని గంపగుత్తగా పడుతుంది, కాబట్టి సెటిల్‌మెంట్ రిపోర్ట్ (ఏ ఆర్డర్‌కి ఎంత పడిందో చెప్పే లెక్క) ఎక్సెల్‌లో ఆర్డర్ నంబర్‌తో వస్తుందో లేదో చూసుకోండి, లేకపోతే మార్చి నెలలో ఏడుపే.

షాపిఫై (రెడీమేడ్ ఆన్‌లైన్ షాపు సర్వీసు) ఎందుకు కాదు అని అడుగుతారు. వాడిన ఫ్రెండ్స్ ఉన్నారు, సులువే, హోస్టింగ్ (సైటుకి సర్వర్ చూసుకోవడం) గొడవ లేదు, టెక్నికల్ ఓపిక లేనివాళ్ళకి అదే మేలు. కానీ వాళ్ళ సొంత షాపిఫై పేమెంట్స్ ఇండియాలో లేదు, అందుకని బయట గేట్‌వే పెట్టుకోవాలి, పెట్టుకుంటే బేసిక్ ప్లాన్‌లో షాపిఫై కూడా ఇంకో 2 శాతం తీసుకుంటుంది, గేట్‌వే 2 శాతం అదనం. చేనేతలో మార్జిన్లు చూసినవాళ్ళకి ఆ 2 శాతం అంటే ఏంటో తెలుసు. వూకామర్స్ ఫ్రీయే గానీ హోస్టింగు, బ్యాకప్పు, ప్లగిన్ అప్‌డేట్లు అన్నీ మన నెత్తినే. ఇంట్లో పశువుని పెట్టుకున్నట్టు, పండగైనా ఊరెళ్ళినా దాన్ని చూసుకోవాల్సిందే. క్యాషింగ్ ప్లగిన్ (పేజీల కాపీ దాచిపెట్టి త్వరగా చూపించేది) వేస్తే కార్ట్, చెకౌట్ పేజీలని అందులోంచి తప్పించాలి, లేదంటే కార్ట్‌లో ఏముందో కస్టమర్‌కి తప్పుగా కనపడుతుంది. దసరాకి నెల ముందు నుంచి మేం అప్‌డేట్లు ముట్టుకోం, సెక్యూరిటీవి తప్ప.

మా ట్రాఫిక్ అంతా ఇన్‌స్టా నుంచే. అక్కడ లింక్ నొక్కితే లోపలి బ్రౌజర్‌లోనే ఓపెన్ అవుతుంది, అందులోంచి యూపీఐ యాప్‌కి దూకడం పాత గేట్‌వే పేజీకి చేతయ్యేది కాదు, తెల్ల స్క్రీన్ వచ్చి ఆగిపోయేది. మనం ల్యాప్‌టాప్‌లో క్రోమ్‌లో టెస్ట్ చేసుకుని అంతా బాగుంది అనుకుంటాం. మీ కస్టమర్ ఎక్కణ్ణుంచి వస్తారో అక్కణ్ణుంచే, తక్కువ రేటు ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెస్ట్ చెయ్యండి.

అమెరికా వాళ్ళ ఆర్డర్లకి ఇంటర్నేషనల్ కార్డులు గేట్‌వేలో విడిగా అప్రూవల్ తీసుకోవాలి, ఫీజు కూడా ఎక్కువ. డల్లాస్, న్యూజెర్సీ కస్టమర్లు కొంతమంది పేపాల్ అయితేనే కడతామంటారు, అది కూడా ఉంచాం. అయితే పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి ఇండియాలో లోకల్ పేమెంట్లు ఆపేసింది, విదేశీ ఆర్డర్లకే పనికొస్తుంది, చెకౌట్‌లో ఇండియా అడ్రస్‌కి అది కనపడకుండా దాచెయ్యండి.

క్యాష్ ఆన్ డెలివరీ మీద మా ఇద్దరికీ ఇప్పటికీ పడదు. వదిన ఉంచాలంటుంది, చిన్న ఊళ్ళ వాళ్ళు నమ్మేది దాన్నే అంటుంది, నిజమే. కానీ తీసుకోకుండా తిప్పి పంపితే రానూపోనూ కొరియర్ మనదే, పైగా ఉన్న ఒక్క చీర రెండు వారాలు ఊళ్ళు తిరుగుతూ ఉంటుంది. చివరికి 200 అడ్వాన్సు ఆన్‌లైన్లో, మిగతాది డెలివరీకి అని పెట్టాం. దీనికి ప్లగిన్ కావాలి, గేట్‌వేకి సంబంధం లేదు. వెనక్కొచ్చే పార్సిళ్ళు బాగా తగ్గాయి, అయినా వదిన ఆ 200 కూడా వద్దనే అంటోంది.

నెలకి పదో పదిహేనో చీరలు అమ్ముకునేవాళ్ళయితే ఈ తలనొప్పంతా అక్కర్లేదండీ, గేట్‌వేలో పేమెంట్ లింక్ తయారు చేసి వాట్సాప్‌లో పంపండి, లింక్‌కి ఎక్స్‌పైరీ టైమ్ పెట్టండి. అది పెట్టకపోతే అమ్ముడైపోయిన చీరకి వారం తర్వాత ఎవరో డబ్బు కట్టేస్తారు.