తిరుపతిలో ఫోటో ఫ్రేములు చేయించుకునేవాళ్లు జాగ్రత్త: 2000లో ఫిబ్రవరి 29 లేదంటూ మా అమ్మ ఫోటో పోగొట్టారు

కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. షాపు పేరు రాయను. పుట్టినరోజులకు, షష్టిపూర్తులకు తిరుపతిలో ఫ్రేములు చేయించినవాళ్లకు ఎవరి గురించో అర్థమయ్యే ఉంటుంది. వాట్సాప్‌లో అందమైన శాంపిల్స్ పంపి, "మీరు ఏ టెన్షన్ పెట్టుకోవద్దక్కా" అని అడ్వాన్సు వేయించుకునేవాళ్లే.

మా నాన్న పుట్టింది 1956 ఫిబ్రవరి 29. ఈ ఏడాది 70 నిండాయి. తిథి ప్రకారం భీమరథ శాంతి ముందే అయిపోయింది. ఈసారి 29వ తేదీ లేదు కాబట్టి మార్చి 1 ఆదివారం చుట్టాలను చిత్తూరులో మా ఇంటికి భోజనానికి పిలిచాం. ఆ రోజు నాన్న చేతికి ఇవ్వాలని ఈ ఫ్రేము చేయించాను.

ఆయన జీవితంలో వచ్చిన ఫిబ్రవరి 29లు అన్నీ అందులో ఉండాలి. 1956 నుంచి 2024 దాకా మొత్తం 18. వరుసకు ఆరు చొప్పున మూడు వరుసల గళ్లు. ఫోటో దొరికిన ఏళ్లకు ఫోటో, దొరకని ఏళ్లకు అంకె మాత్రమే. కింద ఒక లైను: "25,568 రోజులు". ఈ లెక్క నేనే వేశాను. 70ని 365తో హెచ్చిస్తే 25,550, దానికి 18 లీపు రోజులు కలిపితే 25,568. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. లెక్క తప్పుంటే ముందు ఆయన కంటికే కనిపిస్తుందని మూడుసార్లు సరిచూసుకున్నాను.

మొత్తం 4,800 అన్నారు, 3,000 ముందే కట్టాను. బిల్లు ఇవ్వలేదు, చిన్న చీటీ మీద నంబరు రాసిచ్చారు. స్కానింగ్‌కి ఒరిజినల్ ఫోటోలు కావాలంటే కవర్లో పెట్టి ఇచ్చాను. ఇచ్చే ముందు ఫోన్లో ఒక్క ఫోటో అయినా తీసి పెట్టుకోలేదు. అది నా తప్పే, కాదనను. ఆ తర్వాత రాత్రి పదకొండు దాటాక ప్రూఫ్ పంపి, వెంటనే ఓకే చెప్పాలన్నారు. చిన్న ఫోటో, మసకగా ఉంది. గళ్లు లెక్కపెట్టకుండా ఓకే పెట్టేశాను. అదీ నా తప్పే.

28 సాయంత్రం వెళ్లి కవరు చించి చూస్తే 1996 పక్కన 2000 లేదు. ఆ గడిలో గులాబీ పువ్వు, "హ్యాపీ బర్త్‌డే". కింద 25,567 రోజులు.

ఆ 2000 గడిలో ఉండాల్సింది కపిలతీర్థంలో తీసిన ఫోటో. ఆ రోజు మంగళవారం. కోనేటి మెట్ల మీద మా అమ్మ, ఆకుపచ్చ చీర, చేతిలో పులిహోర పొట్లం, ఒడిలో నా తమ్ముడు. తీసింది నాన్న కాబట్టి ఆయన అందులో లేరు, ఆయన నీడ మాత్రం మెట్ల మీద పడి అమ్మ కాళ్ల దాకా వచ్చింది. కెమెరాలో తేదీ సెట్ చేసి ఉండడంతో కింద మూలన నారింజ రంగు అంకెలు పడ్డాయి: 29 2 00. అమ్మ ఇప్పుడు లేదు. నెగటివ్ ఎప్పుడో పోయింది. అదొక్కటే కాపీ.

ఇదేమిటని అడిగితే కౌంటర్లో ఆయన తలెత్తకుండా చెప్పాడు: "2000 లీపు కాదక్కా. సున్నాలతో అయిపోయే ఏడాదికి ఫిబ్రవరి 28 దాకే. మా డిజైనర్ చూసి తీసేశాడు."

అది 1900కి వర్తిస్తుందండీ, 2000కి కాదు అన్నాను. వందతో భాగించబడే ఏడాది లీపు కాదు, కానీ 400తో భాగించబడితే లీపే. ఋతువులు ఒక చుట్టు పూర్తిచేసి మళ్లీ మొదటికి రావడానికి పట్టేది 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు, పూర్తిగా ఆరు గంటలు కాదు. అందుకని నాలుగేళ్లకోసారి రోజు కలుపుకుంటూ పోతే ఏడాదికి 11 నిమిషాల పైచిలుకు ఎక్కువ కలిపినట్టు, 400 ఏళ్లకు అది మూడు రోజులు దాటుతుంది. అందుకే 400 ఏళ్లలో 100 లీపు రోజులు కాకుండా 97 మాత్రమే. ఇది మా నాన్న ప్రతి ఏడో తరగతికీ బోర్డు మీద చెప్పిన పాఠం. మొరార్జీ దేశాయి కూడా 1896 ఫిబ్రవరి 29నే పుట్టారనీ, 1900 లీపు కాకపోవడంతో ఆయన మొదటి పుట్టినరోజు 1904లో గానీ రాలేదనీ చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్లట. అంత లెక్కా అక్కడ నిలబడి చెప్పాను.

వినలేదు. "అయితే ఏమిటక్కా, ఒక్క రోజేగా. ఎవరు లెక్కపెడతారు?" అన్నాడు.

ఫోటో మీద తేదీ ఉంది, తీసి చూడండి అన్నాను. అప్పుడన్న మాట రెండు రోజులుగా నా చెవుల్లోనే ఉంది. "లేని రోజుకి ఫోటో ఎట్లా ఉంటుందక్కా? కెమెరాలో తేదీ తప్పు పెట్టుంటారు. అయినా అందులో మీ నాన్నే లేడు కదా."

ఆ రోజు నాకు తొమ్మిదేళ్లు. ఆ పులిహోర నేను తిన్నాను. ఆ రోజే లేదట.

సరే, నా ఫోటో నాకివ్వండి అంటే కవరు వెతికాడు. మిగతావన్నీ ఉన్నాయి, అదొక్కటి లేదు. వాడలేదు కాబట్టి పక్కన పడేసి ఉంటారట, దొరికితే ఫోన్ చేస్తారట. డబ్బు వెనక్కి ఇవ్వమంటే కస్టమ్ ఆర్డర్‌కి రిటర్న్ లేదన్నాడు. మిగతా 1,800 కట్టేదాకా ఫ్రేము కూడా ఇవ్వలేదు. మర్నాడే ఫంక్షన్. కట్టేసి తెచ్చుకున్నాను.

ఆదివారం అందరి ముందు నాన్న ఫ్రేము ఒళ్లో పెట్టుకుని అంకెల మీద వేలు పెడుతూ పోయారు. 88, 92, 96. వేలు పువ్వు మీద ఆగింది. కిందికి చూసి 25,567 చదివారు. లెక్క గురించి ఏమీ అనలేదు. "కపిలతీర్థం ఫోటో ఏదమ్మా?" అన్నారు. దొరకలేదు నాన్నా అని అబద్ధం చెప్పాను.

నిన్న మళ్లీ షాపుకు ఫోన్ చేస్తే, చెత్త అప్పుడే మున్సిపాలిటీ బండికి వేసేశాం అన్నారు. కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లయింట్ చేశాను. చీటీ, ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మెసేజీలు అన్నీ దాచి ఉంచాను.

మీరెవరైనా ఫ్రేము చేయిస్తుంటే ఒరిజినల్ ఇవ్వకండి, ఇంట్లోనే స్కాన్ చేసి పంపండి. బిల్లు అడగండి. ప్రూఫ్ పెద్ద సైజులో చూసి, అంకెలు ఒక్కొక్కటీ లెక్కపెట్టాకే ఓకే చెప్పండి.

ఇంకో మాట. ఫిబ్రవరి చివరి వారంలో తిరుపతిలో ఫ్రేము తెచ్చుకున్నవాళ్లు దయచేసి మీ కవరు ఒక్కసారి దులిపి చూడండి. కోనేటి మెట్లు, ఆకుపచ్చ చీర, ఒడిలో పిల్లాడు, మెట్ల మీద ఒక మనిషి నీడ, మూలన నారింజ అంకెలు. మీ ఫోటోల్లో కలిసిపోయి ఉంటే ఇక్కడ ఒక్క మాట రాయండి. మీరు ఎక్కడున్నా వచ్చి తీసుకుంటాను.