డబ్బు కట్ అయింది, ఆర్డరు పడలేదు: కొన్నేళ్లుగా వాడుతున్న ఒక డెబిట్ కార్డు

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా కుటుంబం ఏరియేటర్ల (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాల) విడిభాగాలు, నీటి పరీక్ష కిట్లు చాలాకాలంగా ఆన్‌లైన్‌లోనే కొంటోంది. వాటన్నిటికీ ఒకే బ్యాంకు డెబిట్ కార్డు వాడుతున్నాను. చెల్లింపు సాఫీగా సాగినంత కాలం దీనికి వంక పెట్టడానికి లేదు. ఓటీపీ కొట్టాక సిగ్నల్ పోయి, ఖాతాలో డబ్బు తగ్గి, ఆర్డరు మాత్రం పడనప్పుడే బ్యాంకు అసలు తీరు బయటపడుతుంది.

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, కార్డుతో చేసిన ఆన్‌లైన్ చెల్లింపులో ఖాతా నుంచి డబ్బు పోయి, అమ్మకందారుకు నిర్ధారణ చేరకపోతే, ఆ రోజు తరువాత ఐదు రోజుల్లోగా సొమ్ము దానంతటదే వెనక్కి రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారాన్ని ఖాతాదారు అడగకుండానే జమ చేయాలి. నా విషయంలో అసలు సొమ్ము ఎన్నడూ పోలేదు, ఎక్కువసార్లు గడువులోపే వచ్చింది. ఆలస్యమైనప్పుడు పరిహారం మాత్రం అడగనిదే ఒక్కసారీ పడలేదు.

రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 40,000 రూపాయలకైనా రోజుకు 27 రూపాయలు దాటదు కాబట్టి, ఈ 100 చిన్న మొత్తమేమీ కాదు. బ్యాంకు దాని ఊసెత్తకపోవడానికి కారణం అదేనేమో.

శాఖకు వెళితే ‘అమ్మకందారును అడగండి’ అంటారు. ఓటీపీ సరిపోగానే బ్యాంకు మన ఖాతాలో సొమ్ము తగ్గించేస్తుంది గాని, అది అమ్మకందారు బ్యాంకుకు చేరేది ఆ తరువాత జరిగే సెటిల్‌మెంటులో, అంటే బ్యాంకులు తమ మధ్య లెక్క తేల్చుకున్నప్పుడు. అటునుంచి ఎవరూ అడగకపోతే ఆ సొమ్ము మన బ్యాంకు దగ్గరే నిలిచి ఉంటుంది. అందువల్ల ఆ సమాధానాన్ని నేను తప్పించుకునే మాటగానే లెక్కవేస్తాను. పైగా యాప్‌లో ఇలా ఆగిన సొమ్ముకూ నిజంగా ఖర్చయిన సొమ్ముకూ తేడా కనిపించదు, ఇది పెద్ద లోపం.

పని జరిగింది రాతపూర్వక ఫిర్యాదుతోనే. లావాదేవీ తేదీ, మొత్తం, లావాదేవీని గుర్తించే ఆర్‌ఆర్‌ఎన్ అనే 12 అంకెల సంఖ్య, పై సర్క్యులర్ తేదీ రాసి పరిహారం లెక్కకట్టి పంపినప్పుడు అది ఖాతాలో పడింది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది తృప్తిగా లేకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. నాకు అంతదూరం పోవలసిన అవసరం రాలేదు.

చిన్న కొనుగోళ్లకు ఈ కార్డునే వాడుతున్నాను. మోటార్లు, ఏరియేటర్ల వంటి పెద్ద బేరాలకు మాత్రం నెఫ్ట్‌లోనే, అంటే ఖాతా నుంచి నేరుగా అమ్మకందారు ఖాతాకే పంపుతున్నాను.