కొకుగికాన్‌కు ఉదయమే వెళ్లాలి

టోక్యోలోని ర్యోగోకు స్టేషన్ దిగి నాలుగు అడుగులు వేయగానే మల్లుల పేర్లు రాసిన రంగురంగుల పొడవాటి జెండాలు కనిపిస్తాయి, ఎత్తయిన మంచె మీది నుంచి డోలు వినిపిస్తుంది. 1985 జనవరిలో తెరిచిన ఈ కొకుగికాన్ భవనంలో ఏటా జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో పదిహేనేసి రోజుల సూమో పోటీలు జరుగుతాయి. నేను మొదటిసారి 2015 మే నెలలో ఒంటరిగా వెళ్లాను. రెండోసారి 2025 సెప్టెంబరులో భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని వెళ్లాను. అయితే సూమోతో నా అనుబంధం అంతకంటే చాలా పాతది. 1980ల చివర ఇంగ్లండులో చదువుకుంటున్న రోజుల్లో టీవీలో, చానల్ 4లో, చియోనొఫుజి అనే మల్లుడి కుస్తీ చూశాను, అప్పటి నుంచి ఈ ఆటను వదల్లేదు. అందువల్ల సీట్ల గురించి, తిండి గురించి రాయబోయినా నాటికీ నేటికీ పోలిక దానంతట అదే వచ్చేస్తుంది.

ముందు సీట్ల సంగతి. కింది అంతస్తులో బరి చుట్టూ ఉండేవి మసు-సెకి అనే గళ్లు. ఇనుప గొట్టాలతో విభజించిన ఒక్కో గడి సుమారు 1.3 మీటర్ల చతురస్రం, అందులో పరుపు దిండ్లు వేసి, చెప్పులు విడిచి, నలుగురు కూర్చోవాలి. బాసింపట్టు వేసుకుని భోజనం చేసే అలవాటు ఉన్న మనకు కూర్చోవడం కష్టం కాదు గానీ, నలుగురు పెద్దవాళ్లు పొద్దంతా అందులో ఇమడడం మాత్రం కష్టమే. ముగ్గురమే కాబట్టి మాకు సరిపోయింది. మోకాళ్ల నొప్పులున్నవారు పై అంతస్తులోని కుర్చీలు తీసుకోవడం మంచిది, అక్కడి నుంచీ బరి స్పష్టంగానే కనిపిస్తుంది. తిండిలో భవనం నేలమాళిగలోనే కాల్చి తయారుచేసే కోడిమాంసం పుల్లలు, యకితోరి, పేరుపొందినవి. కోడి రెండు కాళ్ల మీదే నిలబడుతుంది, చేతులు నేలకు ఆన్చినవాడు ఓడిపోయే ఈ ఆటలో దాన్ని శుభంగా భావిస్తారు. చల్లారిన తరువాత కూడా వాటి రుచి తగ్గలేదు. శాకాహారులకు మాత్రం దొరికేది చాలా తక్కువ.

హాలులోకి అడుగుపెట్టినవారు ముందుగా తల పైకెత్తి చూడాలి. నాలుగు వైపులా వైపుకు ఎనిమిది చొప్పున 32 నిలువెత్తు చిత్రపటాలు ఉంటాయి, అవి గడిచిన అయిదేళ్లకు పైబడిన కాలపు విజేతలవి. కొత్తది ఎక్కితే పాతది దిగిపోతుంది. 2015లో ఆ గోడల మీద సగానికి పైగా హకుహోవే. మొత్తం 45 టైటిళ్లు గెలిచిన ఆ మహామల్లుడి ముఖం ఎటు తిరిగినా కనిపించేది. ఈసారి ఒక్కో పటం ముందు ఆగి కూతురికి పేర్లు చెబుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే 2022లో దేశం మొత్తం మీద జరిగిన ఆరు పోటీలను ఆరుగురు వేర్వేరు మల్లులు గెలిచారు. ఎవరు గెలుస్తారో మొదటి రోజే తెలిసిపోయే కాలం కంటే ఈ కాలమే నాకు నచ్చుతోంది. పాత రోజులన్నీ బంగారమని కూడా నేను అనను, లోపాయకారీ కుస్తీలు బయటపడి 2011 మార్చి పోటీలనే రద్దు చేయవలసి వచ్చిన సంగతి అభిమానులెవరూ మరచిపోలేదు.

కానీ ఒక విషయంలో పాత తరమే నా మనసులో నిలిచి ఉంది. చియోనొఫుజి బరువు 120 కిలోలకు కాస్త అటూ ఇటూ. ఎదురుగా నిలిచిన కొనిషికి అనే మల్లుడు అందుకు దాదాపు రెట్టింపు ఉండేవాడు. పదేపదే భుజం కీలు తప్పడంతో కండ పెంచి దాన్ని కాపాడుకున్న చియోనొఫుజి, ఎడమ చేత్తో ప్రత్యర్థి నడికట్టును ముందువైపు ఒడిసిపట్టి లోపలికి దూరిపోతే ఇక వదిలేవాడు కాదు. 1988లో వరుసగా 53 కుస్తీలు గెలిచాడు. ఇప్పటి మల్లులు చాలామంది బరువుతో, తోపుతో క్షణాల్లో ముగించేస్తున్నారు. నడికట్టు పట్టుకుని ఒకరి శ్వాస ఒకరు వింటూ నిమిషం సేపు నిలబడే కుస్తీ అరుదైపోయింది. అలాంటిది ఒక్కటి వస్తే చాలు, హాలంతా చప్పట్లతో మారుమోగిపోతుంది.

నన్ను నిజంగా బాధపెట్టేది గాయాల వ్యవహారం. బరిలో గాయపడినవారు తరువాతి పోటీకి రాలేకపోయినా హోదా పోకుండా కాపాడే నియమం ఒకటి 2003 దాకా ఉండేది, దాన్ని ఎత్తేశారు. అప్పటి నుంచి మానని మోకాళ్లతోనే బరిలోకి దిగుతున్నారు. 2001 మేలో మోకాలు దెబ్బతిన్న మరునాడే తకనొహన బరిలోకి వచ్చి ముసాషిమారును ఓడించినప్పుడు నేనూ కంటతడి పెట్టుకున్నాను. ఆ తరువాత అతడు వరుసగా ఏడు పోటీలకు దూరమయ్యాడని తెలిశాక ఆ సంతోషం నిలవలేదు. 2024 మార్చిలో పై విభాగంలోకి అడుగుపెట్టిన మొదటిసారే టైటిల్ గెలిచి, 110 ఏళ్ల తరువాత ఆ ఘనత సాధించిన తకెరుఫుజి కూడా చీలమండ గాయంతోనే చివరి రోజు ఆడాడు, మే పోటీకి రాలేక కింది విభాగానికి జారిపోయాడు. ఆ నియమాన్ని తిరిగి తీసుకురావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

చాలామంది పర్యాటకులు మధ్యాహ్నం మూడు దాటాక వచ్చి, పెద్ద మల్లులను చూసి వెళ్లిపోతారు. మేము ఉదయమే వెళ్లాం. ఆ వేళకు హాలు దాదాపు ఖాళీ. జీతం కూడా లేని కింది విభాగాల కుర్రాళ్లు, కుస్తీకి ముందు బరిలో ఉప్పు చల్లే అర్హత ఇంకా రానివాళ్లు, ఒకరి తరువాత ఒకరు బరి ఎక్కుతారు. జనం లేనందువల్ల నుదురూ నుదురూ ఢీకొన్న చప్పుడు మా గడి దాకా వినిపించింది. ఒక బక్కపలచని కుర్రవాడు గట్టు మీది నుంచి జారి కిందపడి, మోచేతికి అంటిన మట్టి దులుపుకోకుండానే తిరిగి పైకి ఎక్కి, గెలిచినవాడికి తల వంచాడు. తరువాత నడవాలో అతడు మా పక్క నుంచి వెళ్తుంటే జుట్టుకు రాసే బింత్సుకె నూనె తియ్యటి వాసన వచ్చింది. ఇన్నేళ్లు టీవీలో చూసినా నాకు తెలియని వాసన అది. 1994లో 943 మంది ఉన్న మల్లులు ఇప్పుడు సుమారు 600 మందికి తగ్గారు, కాబట్టి ఈ ఉదయపు కుస్తీలను చూడాలనుకునేవారు ఆలస్యం చేయకూడదు.

టికెట్ల విషయంలో ఒక హెచ్చరిక. అధికారిక అమ్మకాలు మొదలైన కొద్దిసేపటికే మంచి సీట్లు అయిపోతున్నాయి. నేను గడువు దాటనిచ్చి ఒక మధ్యవర్తి సంస్థ దగ్గర రెట్టింపు ధరకు కొన్నాను. బరికి దగ్గర అని చెప్పి వెనుక వరుస గడిని ఇచ్చారు, అడిగితే జవాబు లేదు. అమ్మకం తేదీని ముందుగానే రాసి పెట్టుకుని, సూమో సంఘం వారి దగ్గరే నేరుగా కొనండి. చివరి కుస్తీ ముగియగానే లేవకుండా, మల్లుడు విల్లు తిప్పే తంతు అయ్యేవరకూ కూర్చోండి. అది ముగిశాక బయట మంచె మీద మళ్లీ డోలు మోగుతుంది.