రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకటే కారు: 1966 మస్టాంగ్‌తో ఇన్నేళ్ల అనుభవం

1966 ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్‌ని (గట్టి పైకప్పున్న రెండు తలుపుల కారుని) రోడ్డుకీ ట్రాక్‌కీ పనికొచ్చేలా తయారు చేసుకుని చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. మామూలు రోజుల్లో ఫ్రీమాంట్‌లో ఆఫీసుకీ, ఇండియన్ స్టోర్‌కీ తిరుగుతుంది. వీలు కుదిరితే విల్లోస్ దగ్గరి థండర్‌హిల్‌కో, మాంటెరీ పక్కనున్న లగూనా సెకాకో వెళ్తుంది. నాకు ట్రైలర్ లేదు. ట్రాక్‌కి ఈ కారులోనే వెళ్లాలి, సాయంత్రం ఇందులోనే ఇంటికి చేరాలి. ఈ షరతు గుర్తుంచుకుని చదవండి, ఎందుకంటే నేను పెట్టిన ప్రతి భాగాన్నీ దాని ప్రకారమే ఎంచుకున్నాను.

తీర్పు ముందే చెప్పేస్తాను. బ్రేకులు, కూలింగ్, ముందు సస్పెన్షన్, సీటు: వీటి మీద పెట్టిన ప్రతి డాలరూ గిట్టుబాటయింది. హార్స్‌పవర్ 300 దాటాల్సిన అవసరం మాత్రం నాకు ఇప్పటికీ కనబడలేదు.

ఈ కారే ఎందుకంటే, మొదటి కారణం విడిభాగాలు. తలుపు నుంచి టెయిల్ లైట్ గ్లాస్ దాకా కొత్తవి దొరుకుతాయి. రెండోది కాలిఫోర్నియా నిబంధన: 1975, అంతకు ముందు మోడల్ పెట్రోల్ కార్లకి స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) లేదు, కాబట్టి ఇంజిన్ మార్చినా ఆ బాధ ఉండదు. మూడోది కాస్త సరదా కారణం. నా కారు ఛాసిస్ నంబర్ 6ఆర్07సి అని మొదలవుతుంది. 6 అంటే 1966, 07 అంటే హార్డ్‌టాప్, సి అంటే రెండు బ్యారెల్స్ కార్బ్యురేటర్ ఉన్న 289 క్యూబిక్ అంగుళాల వీ8. ఆర్ అంటే శాన్ హోసే ప్లాంట్. పేరుకి శాన్ హోసే గానీ ఆ ఫ్యాక్టరీ ఉన్నది మిల్పిటస్‌లో. 1983లో దాన్ని మూసేశారు. ఆ తర్వాత అదే గ్రేట్ మాల్ అయింది. బే ఏరియాలో మనవాళ్లు ఇండియా వెళ్లే ముందు సూట్‌కేసులూ బూట్లూ కొనేది అక్కడే. ఆ పార్కింగ్‌లో కారు పెట్టినప్పుడల్లా పుట్టింటికి తీసుకొచ్చినట్టే ఉంటుంది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఈ కారు ఎలా ఉండేదో తెలియకపోతే మిగతా సంగతులు అర్థం కావు. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, డిస్క్ కావాలంటే అదనంగా డబ్బు కట్టాలి. పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని బ్రేకులకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోయినట్టే. అందుకే రెండు గదుల సిలిండర్ 1967 నుంచి వచ్చింది. సీటు బెల్టు నడుముకి మాత్రమే. పెట్రోల్ ట్యాంక్ పై భాగమే డిక్కీకి నేల, డిక్కీకీ వెనక సీటుకీ మధ్య అట్ట తప్ప ఏమీ లేదు. అందువల్ల నేను రంగు, ఇంజిన్ లాంటివి ముట్టుకోకముందే రెండు గదుల మాస్టర్ సిలిండర్, ముందు డిస్కులు, వెనక సీటు వెనకాల ఒక ఉక్కు రేకు పెట్టించాను. ట్రాక్‌కి వెళ్లే ఆలోచన లేకపోయినా ఈ మూడూ చేయించాల్సిందే అంటాను.

బ్రేకుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నా ముందు డిస్కులు అప్పట్లో ఫోర్డ్ ఆప్షన్‌గా ఇచ్చిన కెల్సీ-హేస్ రకానివి: 11.3 అంగుళాల రోటర్ (తిరిగే డిస్కు), దాన్ని ప్యాడ్లతో నొక్కే నాలుగు పిస్టన్ల కాలిపర్. వెనక 10 అంగుళాల డ్రమ్ములు అలాగే ఉంచి, మధ్యలో ఒత్తిడి సర్దే వాల్వ్ పెట్టాను. రోడ్డు మీద దీనికి వంక పెట్టలేం. ట్రాక్ మీద మాత్రం రోటర్ సైజు కన్నా అందులోకి గాలి ఎలా వెళ్తోంది, ఏ ప్యాడ్ వేశాం, ఏ ఫ్లూయిడ్ పోశాం అనేవే ముఖ్యం. డాట్ 3 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు మరగాల్సిన కనీస ఉష్ణోగ్రత 205 డిగ్రీల సెల్సియస్, డాట్ 4కి 230. గాల్లో తేమ పీల్చుకున్నాక రెండూ ఇంకా దిగిపోతాయి. రేసింగ్ రకం ఫ్లూయిడ్లు 300 దాటి కూడా నిలబడతాయి. ఒక షాపులో రేసింగ్ ఫ్లూయిడ్ అని బిల్లు వేసి మామూలుది పోశారు. థండర్‌హిల్‌లో వెనక స్ట్రెయిట్ చివర, 14వ మలుపు ముందు పెడల్ సగం దాకా మెత్తగా దిగిపోయింది. రెండోసారి తొక్కితే పట్టింది గానీ అప్పటికి గుండె నోట్లోకి వచ్చింది. తర్వాత అడిగితే వాళ్లే ఒప్పుకున్నారు. అప్పటి నుంచి ఫ్లూయిడ్ నేనే మారుస్తున్నాను. సీల్ తెరవని డబ్బా, గంట పని.

ప్యాడ్ల విషయంలో రాజీ కుదరదు. ట్రాక్ ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు పట్టదు, సిగ్నల్ దగ్గర కీచుమంటుంది, చక్రాల నిండా నల్లటి పొడి. రోడ్డు ప్యాడ్ ట్రాక్ మీద నాలుగు ల్యాపులు తిరిగేసరికి వాసన వస్తుంది. రెండిటికీ పనికొస్తాయని అమ్మేవి వాడి చూశాను, రెండు చోట్లా అరకొరే. కెల్సీ-హేస్‌లో ప్యాడ్లు మార్చడం తేలిక కాబట్టి ముందు రోజు రాత్రి ఇంట్లోనే మార్చేసి, హైవే మీద కాస్త దూరం పాటించుకుంటూ వెళ్తాను.

ముందు సస్పెన్షన్‌కి ఈ కారులో అతి చవకైన, అతి గొప్ప మార్పు ఒకటుంది. ఫోర్డ్ ఇంజినీర్ క్లాస్ ఆర్నింగ్ లెక్క వేసింది, 1965 షెల్బీ జీటీ350లో వాడింది: చక్రాన్ని పట్టుకునే పైచేయి (అప్పర్ కంట్రోల్ ఆర్మ్) బిగించే రంధ్రాలని ఒక అంగుళం కిందకి దించడం. ఒక టెంప్లేట్, ఒక డ్రిల్, ఒక మధ్యాహ్నం చాలు. అంతకు ముందు మలుపులో కారు వాలినప్పుడు బయటి చక్రం కూడా బయటికే వాలి టైర్ అంచు మీద నడిచేది. దించాక టైర్ మొత్తం నేలని పట్టుకుంటుంది. దీంతోపాటు 620 పౌండ్ల (అంగుళం నొక్కడానికి పట్టే బలం) ముందు స్ప్రింగులు, మలుపుల్లో కారు వాలకుండా ఆపే లావు యాంటీరోల్ బార్, స్ప్రింగుల పైభాగాన్ని పట్టుకునే షాక్ టవర్లని ఫైర్‌వాల్‌కి కట్టే ఒకే ముక్క ఎక్స్‌పోర్ట్ బ్రేస్ వేశాను. అలైన్‌మెంట్ విషయానికొస్తే పాత మాన్యువల్ అంకెలు ఆనాటి బయాస్ టైర్ల కోసం రాసినవి. ఇప్పటి రేడియల్ టైర్లకి క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) కనీసం 3 డిగ్రీలు కావాలి. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలే కోణం, మైనస్ అంటే పైభాగం లోపలికి) రోడ్డుకి మైనస్ ముప్పావు డిగ్రీ, ట్రాక్‌కి మైనస్ ఒకటిన్నర. నేను మధ్యలో ఒకటి దగ్గర వదిలేశాను. లోపలి అంచు కాస్త ముందు అరుగుతుంది, పర్వాలేదు.

సస్పెన్షన్ కీళ్ల దగ్గరుండే మెత్తటి బుష్‌ల గురించి ఒక హెచ్చరిక. గట్టిగా ఉంటాయని చాలామంది అన్ని చోట్లా పాలీయురేథేన్ వేసేస్తారు. యాంటీరోల్ బార్‌కి మంచిదే. చక్రం ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టుకునే ముందు స్ట్రట్ రాడ్‌కి మాత్రం వద్దు. రాడ్ పైకీ కిందకీ ఊగే చోట అది వంగదు, దాంతో ఆ ఒత్తిడంతా రాడ్ మరల మీద పడి విరిగే ప్రమాదం ఉంది. రబ్బరే ఉంచండి, లేదా గుండు కీలు ఉన్న సర్దుబాటు రాడ్ కొనండి. నా దగ్గర ఉన్నది రెండోది. గోతుల్లో చప్పుడు చేస్తుంది గానీ బ్రేక్ వేస్తే కారు గీత గీసినట్టు ఆగుతుంది.

ఇంజిన్‌కి వస్తే, అసలు 289ని పైకి తీసి భద్రంగా పెట్టాను. ఇప్పుడు ఉన్నది ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీ నుంచి తీసిన 5.0. పాత కార్ల వాళ్లకి ఇది బాగా తెలిసిన దారి. తుక్కు యార్డుల్లో దొరుకుతుంది, రోలర్ క్యామ్ కాబట్టి పాత ఇంజిన్లలాగా జింక్ ఎక్కువున్న నూనె కోసం వెతుక్కోనక్కర్లేదు, జీటీ40పీ హెడ్లు 289 హెడ్ల కన్నా గాలి బాగా పీలుస్తాయి. వేరే క్యామ్, నాలుగు బ్యారెల్స్ కార్బ్యురేటర్, హెడర్స్‌తో (ఇంజిన్ నుంచి పొగ తీసుకెళ్లే ప్రత్యేక గొట్టాలతో) 300 హార్స్‌పవర్‌కి కాస్త ఇటుగా ఉంది. 1300 కిలోల కారుకి అది చాలు. అయితే చిన్న చిన్న చిక్కులున్నాయి. 289 బ్యాలెన్సర్, ఫ్లైవీల్ 28 ఔన్సుల లెక్కవి, దీనివి 50. కలిపి బిగిస్తే ఇంజిన్ వణికి చస్తుంది. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) వేరు. టైమింగ్ కవర్‌లో మెకానికల్ పెట్రోల్ పంప్‌కి చోటు లేదు. ఆ హెడ్లలో ప్లగ్గులు వేరే కోణంలో ఉంటాయి కాబట్టి వాటి కోసమే చేసిన హెడర్స్ కొనకపోతే ప్లగ్ వైర్లు కాలిపోతాయి.

దానికన్నా ముఖ్యం ఇంజిన్ అడుగున నూనె నిలవుండే ఆయిల్ పాన్. థండర్‌హిల్ రెండో మలుపు ఎడమకి సాగుతూనే ఉంటుంది. మంచి టైర్లుంటే అంతసేపూ నూనె పాన్‌లో ఒక పక్కకి ఎగబాకి పంప్‌కి నూనె బదులు గాలి అందుతుంది. మామూలు పాన్‌తో ప్రెషర్ ముల్లు అక్కడే పడిపోతూ కనిపించేది. లోపల అడ్డుతెరలు ఉన్న పాన్ వేశాక నిలబడింది. కొత్తగా ట్రాక్‌కి వెళ్లేవాళ్లు టైర్ల మీద వేలు పోస్తారు గానీ దీని ఊసెత్తరు. టైర్ పట్టు ఎంత ఎక్కువైతే పాన్ అంత మంచిది కావాలి. నావి 17 అంగుళాల చక్రాల మీద 225 మిల్లీమీటర్ల వెడల్పు, 200 ట్రెడ్‌వేర్ రకం (ఇది అరుగుదల అంకె, తక్కువైతే టైర్ త్వరగా అరుగుతుంది). ఇంతకన్నా జిగురు టైర్లు వేస్తే పాత బాడీకి శ్రమ.

గేర్‌బాక్స్ మాత్రం కారు స్వభావాన్నే మార్చేసింది. 1980ల మస్టాంగ్‌లలో వచ్చిన ఐదు గేర్ల టీ-5 ఇందులో పెద్ద కోతలేమీ లేకుండా పడుతుంది. వెనక యాక్సిల్ గేర్ నిష్పత్తి 3.55. నాలుగు గేర్లతో 70 మైళ్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి 3300 చుట్లు దాటి తిరిగేది, ఇప్పుడు 0.68 ఓవర్‌డ్రైవ్‌లో 2300 దగ్గర ఉంటుంది. ఐ-5 మీద విల్లోస్ దాకా మాట్లాడుకుంటూ వెళ్లొచ్చు. టీ-5కి సుమారు 300 పౌండ్-అడుగుల టార్క్ దాకానే ఓపిక. పెద్ద ఇంజిన్ వద్దనుకోవడానికి నాకు ఇదీ ఒక కారణం.

సీటు, బెల్టుల దగ్గర రోడ్డూ ట్రాకూ నేరుగా కొట్టుకుంటాయి. ట్రాక్‌కి రోల్ బార్ ఉంటే మంచిది, హెల్మెట్ ఉంటుంది కాబట్టి. అదే బార్ రోడ్డు మీద, హెల్మెట్ లేని తలకి ప్రమాదం. పైగా వెనక పిల్లల్ని కూర్చోబెట్టలేం. నేను వెనక సీటు వదులుకుని, నాలుగు కాళ్ల బార్‌కి గట్టి ప్యాడింగ్ చుట్టి, తల అందనంత వెనక్కి వేయించాను. రోడ్డు మీద మూడు బిందువుల బెల్టు, ట్రాక్ మీద రెండు భుజాల మీదుగా బిగించే హార్నెస్. హార్నెస్ పెట్టుకోవాలంటే దానికి సందులున్న గట్టి సీటు తప్పనిసరి. పాత మడత సీటు మీద హార్నెస్ బిగించుకుని వచ్చేవాళ్లని చూస్తే టెన్షన్ పుడుతుంది.

వేడి ఇంకో సంగతి. అల్యూమినియం రేడియేటర్, ఫ్యాన్ చుట్టూ పూర్తి తొడుగు ఉంటే వేసవిలో విల్లోస్ ఎండకి కూడా ఇంజిన్ తట్టుకుంటుంది. లోపల కూర్చున్నవాళ్లే తట్టుకోలేరు. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ ఒకసారి ఎక్కి, "ఇంత డబ్బు పోశావు, ఏసీ కూడా లేదేంట్రా నాయనా?" అంది. జవాబు లేదు. మైలేజీ గాలన్‌కి పదిహేను మైళ్లు, ట్రాక్ మీద దాని గురించి అడగొద్దు. లగూనా సెకాలో చాలా ట్రాక్ డేలకి శబ్దం 90-92 డెసిబెల్స్ దాటకూడదు, దాటితే నల్లజెండా చూపించి ట్రాక్ నుంచి బయటికి పిలుస్తారు. దానికోసం నా ఎగ్జాస్ట్‌లో అదనంగా మఫ్లర్లున్నాయి, అక్కడికి వెళ్లేటప్పుడు పక్కకి తిప్పే గొట్టాలు తగిలిస్తాను. నా పాత కార్ల ఇన్సూరెన్స్ పాలసీ ట్రాక్ మీద జరిగినదానికి పైసా ఇవ్వదు, దానికి ఆ రోజు వరకు విడిగా కొనుక్కోవాలి.

మొత్తం ఖర్చు కారు కొన్న ధరకి రెండింతలు దాటింది. ల్యాప్ టైమే మీకు ముఖ్యమైతే పాత మియాటా (మాజ్దా వాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు) కొనండి, పావు వంతు డబ్బుతో నన్ను మలుపుల్లో దాటేసి పోతారు. నాకు థండర్‌హిల్‌లో తొమ్మిదో మలుపు కొండ ఎక్కుతూ ఈ వీ8 మూడో గేర్‌లో ఉరుముతుంటే వినడం కావాలి, సోమవారం పొద్దున అదే కారులో ఆఫీసుకి వెళ్లడం కావాలి. ఆ లెక్కలో ఐదుకి నాలుగు మార్కులు. ఒకటి తగ్గించింది స్టీరింగ్‌కి. స్టీరింగ్ బాక్స్ కొత్తగా కట్టించినా మధ్యలో చిన్న ఖాళీ ఉండనే ఉంది. ఆ బాక్స్ బదులు ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ కిట్లు వేసుకున్న మిత్రుల కార్లు నడిపాను, కొన్నిటికి యూ-టర్న్ కూడా ఒక్క వంపులో తిరగడం లేదు కాబట్టి నేను మార్చడం లేదు.

ఒకటి కొనాలని చూస్తుంటే రంగు మెరుపు చూడకండి. విండ్‌షీల్డ్ ముందున్న కౌల్ జాలీలో రెండు చెంబుల నీళ్లు పోసి, డాష్‌బోర్డ్ కింద టార్చ్ వేసి చూడండి. కార్పెట్ మీద చుక్క పడిందా, లోపల తుప్పు తిన్నట్టే. అది బాగు చేయాలంటే కారు ముందు భాగమంతా విప్పాలి. ధర అక్కడి నుంచి మాట్లాడండి.